ఎవరి సంబరం ఎవరికి ఆడంబరం?

ఉన్నవాళ్ళింట్లో పెళ్ళయితే వైభవంగా చేశారంటాం. లేనివాళ్ళింట్లో పెళ్ళయితే ఎందుకొచ్చిన ఆడంబరం అంటాం. షామియానా అదే, సీరియల్ లైట్లు అవే, వడ్డించే బిర్యానీ అదే. చూసేవాళ్ళ నోట్లో మాట మాత్రం మారిపోతుంది. ఒకే పనికి రెండు పేర్లు పెట్టి, ఒకటి పెద్దింటికీ ఇంకోటి చిన్నింటికీ పంచేశాం. ఈ పంపకం అన్యాయమని నా వాదన. ఆడంబరం అనే మాటకి మన భాషలో చాలా కచ్చితమైన పని ఉంది. ఆ పనికి వాడడం మానేసి, మన కంటికి ఆనని వాళ్ళ మీద విసరడానికి వాడుతున్నాం.

మా అపార్టుమెంటులో వాచ్‌మన్ కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. సెల్లార్లో ఒక పక్క కార్లు జరిపించి టెంటు వేశారు. పాప ఫొటోతో ఒక ఫ్లెక్సీ కట్టారు. అద్దెకు తెచ్చిన స్పీకర్లలో మధ్యాహ్నం దాకా పాటలు మోగాయి. లిఫ్టు దగ్గర కలిసిన ఒక పెద్దావిడ, "వీళ్ళకివన్నీ అవసరమా అమ్మా? ఆ డబ్బేదో పిల్ల చదువుకి దాచుకోవచ్చుగా, ఉత్త ఆడంబరం కాకపోతే" అన్నారు. అంతకుముందే ఆవిడ మనవరాలికి అదే ఫంక్షన్ కన్వెన్షన్ హాల్లో జరిగింది. పిల్ల పల్లకీలో వచ్చింది, నెత్తి మీద డ్రోన్ కెమెరా తిరిగింది, ఫొటోల కోసం పూటకో పట్టుచీర మార్చారు. ఆ డబ్బు పిల్ల చదువుకి దాచుకోవచ్చుగా అని అక్కడ ఎవరూ అనలేదు. ఎంత బాగా చేశారో అని మెచ్చుకుంటూ భోంచేసి వచ్చారు. ఆ పెద్దావిడ చెడ్డమనిషి కాదు. ఎవరికైనా ఒంట్లో బాగా లేదంటే ముందు పరిగెత్తేది ఆవిడే. అలాంటి మనిషి నోట్లోంచి కూడా ఆ మాట అంత తేలిగ్గా వచ్చిందంటే, అది మన అలవాటులో ఎంత లోతుగా దిగిపోయిందో చూడండి.

ఆడంబరం అనగానే ఇప్పుడు మనకి కళ్ళ ముందు మెదిలేవి నగలు, దీపాలు, రంగులు. మాట పుట్టింది మాత్రం చెవి దగ్గర. సంస్కృతంలో ఆడంబరం ఒక వాద్యం పేరు, ఒక రకం డోలు. శుక్ల యజుర్వేదం 30వ అధ్యాయంలో రకరకాల పనివాళ్ళ పేర్లు వరసగా వస్తాయి. వడ్రంగి ఉంటాడు, కుమ్మరి ఉంటాడు, కమ్మరి ఉంటాడు. ఆ వరసలోనే, శబ్దానికి చెందినవాడిగా ఆడంబరాఘాతుడు, అంటే ఆ డోలు వాయించేవాడు కనిపిస్తాడు. అలా చూస్తే ఆడంబరం మొదట్లో ఒక మనిషి చేతిపని, అతని జీవనం. సంస్కృత నిఘంటువు అమరకోశం ఈ మాటకి రెండర్థాలు చెప్తుంది: తూర్యధ్వని, అంటే వాద్యాల మోత, ఇంకోటి ఏనుగుల గర్జన. మబ్బుల ఉరుము మేఘాడంబరం. మేకపోతుల పోట్లాట, ఋషుల ఇంట తద్దినం, పొద్దుటి పూట మేఘాడంబరం, ఆలుమగల కలహం, వీటన్నిటికీ ఆరంభం ఘనం, ఫలితం స్వల్పం అని చెప్పే శ్లోకం ఒకటి మన పెద్దవాళ్ళ నోళ్ళలో ఇప్పటికీ ఉంది. మాటకి ఎగతాళి రంగు అంటుకున్నది ఇలాంటి చోట్లే. ఉరిమిన మబ్బు కురవలేదు, అదీ ఫిర్యాదు.

దీని చుట్టాల్ని పిలిచి చూసినా అంతే. ఆర్భటించడమంటే బిగ్గరగా అరవడం, అక్కణ్ణుంచి ఆర్భాటం. అట్టహాసమంటే అసలు అర్థం పెద్దగా నవ్విన నవ్వు. అట్టహాసంగా పెళ్ళి చేశారు అని పేపర్లో చదివినప్పుడు అక్కడ నవ్వు ఉందని మనకి తట్టను కూడా తట్టదు. పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన హంగామాకి అర్థం గోల, కలకలం. ఇక మన సొంత నుడికారం చూడండి: డప్పు కొట్టుకోవడం, సొంత డబ్బా, బాకా ఊదడం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. తెలుగువాడు గొప్పలు పోయేవాణ్ణి చూడడం కన్నా వినడమే ఎక్కువ చేశాడు.

వేమన ఈ మాటని సరిగ్గా ఆ మూలార్థం దగ్గరే పట్టుకున్నాడు.

అల్పుడెపుడు పల్కు ఆడంబరముగాను
సజ్జనుండు పలుకు చల్లగాను
కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా
విశ్వదాభిరామ వినుర వేమ

చిన్నప్పుడు బళ్ళో గట్టిగా అరుస్తూ అప్పజెప్పిన పద్యం. ఇందులో నగల ఊసు లేదు, మేడల ఊసు లేదు. ఉన్నదల్లా పలుకు, మోత. ఇంకో సంగతి కూడా గమనించాలి. వేమన అల్పుడు అన్నాడు, పేదవాడు అనలేదు. సజ్జనుడు అన్నాడు, ధనవంతుడు అనలేదు. ఆడంబరాన్ని రూపాయల్లో కొలవలేదాయన. లోపల ఉన్నదానికీ బయటికి మోగేదానికీ మధ్య ఉన్న ఎడాన్ని కొలిచాడు. కంచుని తక్కువ చేశాడని కూడా నేననుకోను. గుడిగంట కంచుదే, దాని మోత దాని ధర్మం. బంగారంగా చెలామణీ కావడానికి మోగినప్పుడే కంచుకి తప్పు పడుతుంది.

పంచతంత్రంలో పాము సంగతీ ఇలాంటిదే. విషం లేని పాము కూడా పడగ విప్పాలి, విషం ఉన్నా లేకపోయినా పడగ విప్పిన తీరే భయపెడుతుంది అని అక్కడ చెప్పిన నీతి. ఆ ఫటాటోపమే తెలుగులో పటాటోపమైంది. కానీ విషం లేని పాముకి పడగే కదా రక్ష! బలహీనుడు చేసే ప్రదర్శనలో ఆత్మరక్షణ కూడా ఉంటుందని ఆ శ్లోకం ఎంతో సానుభూతితో చెప్పినట్టు నాకనిపిస్తుంది. మనం పటాటోపాన్ని తిట్టుగా మాత్రమే ఉంచుకున్నాం.

దంభం, దర్పం వేరే సంగతి. గీత 16వ అధ్యాయంలో ఆసురీ సంపద చెప్పేటప్పుడు మొట్టమొదట వచ్చేవి ఆ రెండే. అవి మనసులో గుణాలు. నిశ్శబ్దంగా కూర్చున్నవాడిలోనూ ఉండొచ్చు. ఆడంబరం మాత్రం వినేవాడు లేకుండా ఉండదు. ఒంటరిగా అడవిలో ఉన్నవాడికి దర్పం ఉండొచ్చు గానీ ఆడంబరం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇప్పుడు వైభవం దగ్గరికి వద్దాం. వైభవం విభవం నుంచి వచ్చింది, విభవమంటే కలిమి. ఉన్నది ఉన్నట్టు కనిపించడం వైభవం. తిరుమల బ్రహ్మోత్సవాలకి ఎంత ఖర్చయినా ఎవరూ ఆడంబరం అనరు. పేపర్లు మామూలు పెళ్ళిళ్ళకి కూడా రాసే "అంగరంగ వైభవంగా" అన్న మాట కూడా దేవాలయం నుంచే వచ్చింది. కాకతీయుల కాలపు శాసనాల్లో దేవుడి అంగరంగభోగాలకి భూములిచ్చినట్టు కనిపిస్తుంది. అంగభోగమంటే స్వామికి స్నానం, గంధం, పూలు, వస్త్రాలు. రంగభోగమంటే రంగమంటపంలో పాట, ఆట, వాద్యం. ఆ భూముల మీద బతికిన వాళ్ళెవరు? పూలు కట్టేవాళ్ళు, నాట్యం చేసేవాళ్ళు, మద్దెల వాయించేవాళ్ళు. ఆ వైభవం వెనక వాళ్ళ చేతులున్నాయి, వాళ్ళకి జీవనం కూడా ఉంది.

సంబరమనే మాట నాకు వీటన్నిటికంటే ఇష్టం. ఉత్తరాంధ్రలో గ్రామదేవత పండగని అమ్మవారి సంబరం అనే అంటారు. ఊరంతటిదీ అది. తెలంగాణలో బతుకమ్మని చూడండి. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు. గునుగుకి రంగులద్ది, తాంబాళంలో వలయాలుగా పేర్చుకుంటూ పోతారు. ఎవరి బతుకమ్మ ఎత్తుగా ఉందో అని ఓరకంట చూసుకోవడమూ ఉంటుంది, పట్టుచీరల పోలికలూ ఉంటాయి. ప్రదర్శన లేదని ఎవరనగలరు? ఉంది, నిండుగా ఉంది. కానీ తంగేడు పువ్వు చెలకగట్టున దొరుకుతుంది, కోసుకొచ్చే ఓపిక ఉంటే చాలు. చప్పట్లు కొట్టేవాళ్ళే పాడేవాళ్ళు, పాడేవాళ్ళే వినేవాళ్ళు. ఇంత ఎత్తు పేర్చిన బతుకమ్మని అదే రోజు తీసుకెళ్ళి చెరువులో వదిలేస్తారు. దీన్ని ఆడంబరం అని ఎవరైనా అంటే వాళ్ళకి తెలుగు రాదని చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

ప్రదర్శన అంతా ఆడంబరం కాదని ఒప్పుకుంటే, ఆ మాటని ఎవరి మీద వాడుతున్నామో కొంచెం ఆగి చూడాలి. మొదట దెబ్బ తినేది ఆడపిల్లలు. మగవాడు ఇస్త్రీ బట్టలేసుకుని, వాచీ పెట్టుకుని, అత్తరు రాసుకుని వస్తే దర్జాగా ఉన్నాడంటాం. దర్జా అంటే హోదా, మెట్టు. అదే పని ఆడపిల్ల చేస్తే "సోకులెక్కువయ్యాయి" అంటాం. షోకు అన్నా, అది ఊళ్ళో నలిగి సోకు అయినా, దానర్థం ఇష్టం, మక్కువ. పిల్లకి ఒక ఇష్టం ఉండడమే నేరమన్నట్టు ఆ మాట వాడతాం. మా పెద్దమ్మ తన జీవితమంతా ముదురు రంగు చీరలే కట్టింది. లేతగులాబీ రంగంటే ఆవిడకి ప్రాణమని మా కజిన్ చెప్తే గానీ తెలియలేదు. కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో సోకులమ్మ అన్నారట, అంతే, ఆ రంగు మళ్ళీ ముట్టుకోలేదు.

తర్వాత దెబ్బ తినేది, ఊరు చివర ఉంచిన వాళ్ళు. ఇతరుల పెళ్ళిళ్ళకీ చావులకీ డప్పు కొట్టిన చేతులు మాదిగలవి. ఆ చేతులే తమ ఇంటి పెళ్ళికొడుకుని బాజాలతో పెద్దవీధిలో ఊరేగిస్తామంటే కుదరదన్న ఊళ్ళు మన దగ్గర ఉన్నాయి. గుర్రం ఎక్కకూడదు, పల్లకీ ఎక్కకూడదు, ఆ వీధిలో చెప్పులేసుకుని నడవకూడదు. శబ్దం పుట్టించే పని వాళ్ళది, ఆ శబ్దం హక్కు ఇంకొకళ్ళది. అలాంటి ఊళ్ళో ఇవాళ ఒక కుర్రాడు డీజే పెట్టించుకుని, పూలు కట్టిన కారులో, నడిబజారు మీదుగా పెళ్ళికూతుర్ని తీసుకొస్తుంటే అరుగు మీద కూర్చుని "అప్పు చేసి ఆడంబరాలు" అనడం చరిత్రని మర్చిపోయి మాట్లాడడమే. డీజే చప్పుడుకి ముసలివాళ్ళు పడే ఇబ్బంది నిజమే, దాని గురించి మాట్లాడుకోవచ్చు. కానీ ఆ ఫిర్యాదు పెద్దింటి బరాత్ మీద కూడా అంతే గట్టిగా చేసినవాళ్ళకే ఆ నోరుంటుంది.

నిరాడంబరం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మన భాషలో ఒక మనిషికి ఇచ్చే పెద్ద బిరుదుల్లో అదొకటి. గాంధీ 1921 సెప్టెంబరులో మదురైలో టోపీ, చొక్కా, పొడుగు ధోవతి వదిలేసి కొల్లాయికి మారాడు. అంబేడ్కర్ సూటు వేసుకున్నాడు. ఒకరిది నిరాడంబరం, ఇంకొకరిది ఆడంబరం అని ఎవరైనా తేల్చేస్తే నేను ఒప్పుకోను. గాంధీ వదులుకోవడానికి ఒంటి మీద బట్టలున్నాయి, పుట్టుకతో వచ్చిన మర్యాద కూడా ఉంది. ఆ మర్యాద కొల్లాయితో పోయేది కాదు. మంచి బట్ట కట్టడానికి వీల్లేదని తరతరాలుగా ఆంక్షలు పెట్టించుకున్న జనంలోంచి వచ్చిన మనిషి ఒంటి మీద కోటు, అది ఒక ప్రకటన. ఆ కోటు ఇవాళ ఊరూరా విగ్రహాల మీద నీలంగా మెరుస్తుంటే దాని అర్థం తెలిసినవాళ్ళకి తెలుసు.

పుచ్చలపల్లి సుందరయ్య సైకిలు మీద పార్లమెంటుకి వెళ్ళేవాడని మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. నెల్లూరు జిల్లాలో భూములున్న కుటుంబంలో పుట్టి, పేరు చివర కులాన్ని వదిలేసి, ఆస్తిని వదిలేసి బతికినవాడు. ఆ నిరాడంబరానికి బరువుంది, ఎందుకంటే వదిలేసినది నిజంగా ఆయన చేతిలో ఉంది. కానీ రోజూ సైకిలు మీద పాల క్యాన్లు వేసుకుని తిరిగే మనిషిని ఎవరూ నిరాడంబరుడు అని మెచ్చుకోరు. అతను ఒక్క పండగ పూట మంచి చొక్కా వేసుకుంటే మాత్రం మనకి కనిపిస్తుంది.

ఇంతకీ ఆడంబరమంటూ ఏదీ లేదా? ఉంది. మన మధ్యతరగతి ఇళ్ళలోనే దండిగా ఉంది.

మా బాబాయి స్కూలు టీచరు. ఆయన కూతురు, మా చెల్లి పెళ్ళి కుదిరినప్పుడు మగపెళ్ళివాళ్ళు చాలా మర్యాదగా, "మాకు కట్నం వద్దు బావగారూ, పెళ్ళి మాత్రం ఘనంగా చేయండి, మా వైపు వాళ్ళు నలుగురూ మెచ్చుకునేట్టు" అన్నారు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది, కట్నమని పేరు పెట్టి అడిగితే తప్పని అందరికీ తెలుసు. ఘనంగా అన్న మాటకి ఏ చట్టం అడ్డొస్తుంది? హాలు వాళ్ళు చెప్పినదే. మెనూ వాళ్ళు దిద్దినదే. సంగీత్, హల్దీ, మెహందీ, ఇవేవీ మా ఇంట్లో ఇదివరకు ఎరగనివి. నలుగు పెట్టి మంగళస్నానం చేయించే ఇంట్లో పసుపురంగు డ్రెస్ కోడ్ వచ్చింది. రిటర్న్ గిఫ్టుకి వెండి కుంకుమ భరిణెలు. బాబాయి ఊళ్ళో ఉన్న పొలం అమ్మేశాడు. పెళ్ళిలో ఆయన నవ్విన ఫొటో ఒక్కటి కూడా లేదు, ఆల్బమ్ అంతా వెతికి చూశాను.

ఆడంబరమన్న మాట అతికినట్టు సరిపోయేది ఇక్కడ. డోలు వాయించమన్నది ఒకరు, వినేది ఇంకొకరు, డబ్బు కట్టేది మూడో మనిషి. ఆ మూడో మనిషి లోపల ఖాళీ అవుతున్న కొద్దీ బయట మోత పెరుగుతుంది. వాచ్‌మన్ ఇంట్లో పిల్లని చూసి పొంగిపోయి పాటలు పెట్టింది తండ్రే, గెంతింది వాళ్ళ చుట్టాలే. సంబరానికీ ఆడంబరానికీ తేడా తెలుసుకోవాలంటే ఆ ఇంటి యజమాని మొహం చూస్తే చాలు.

"నలుగురూ ఏమనుకుంటారో" అన్న భయానికి ఎంత బలముందో, అది ఎంత ఉత్తదో కూడా మనం ఒకసారి కళ్ళారా చూశాం. 2020లో పెళ్ళికి యాభై మందికి మించకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. ఆ ఏడు పెళ్ళిళ్ళు ఇంటి ముందు పందిట్లో, డాబా మీద, గుడి మంటపంలో జరిగాయి. జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు, తాళి కట్టారు, తలంబ్రాలు పోసుకున్నారు. పెళ్ళికి కావాల్సినదేదీ తగ్గలేదు. పరువు పోయిందని ఎవరూ ఊరు విడిచి వెళ్ళలేదు. ఆంక్ష ఎత్తేసిన తర్వాత హాళ్ళు మళ్ళీ ఎప్పటిలాగే నిండిపోయాయి. అప్పటి పెళ్ళిళ్ళు వెలితిగా జరిగాయని బాధపడేవాళ్ళని చూశాను, అప్పు లేకుండా గట్టెక్కామని లోలోపల ఊపిరి పీల్చుకున్న తండ్రుల్నీ చూశాను.

మన దగ్గర ఆడంబరాన్ని తగ్గించాలనుకున్న వాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. దండలు మార్చుకునే స్టేజి పెళ్ళిళ్ళు కమ్యూనిస్టు ఊళ్ళలో ఎన్నో జరిగాయి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు ఉంటే చాలు. అంతకు చాలా ముందు, కందుకూరి వీరేశలింగం 1874లో మొదలుపెట్టిన వివేకవర్ధని పత్రిక రోజుల నుంచీ, పెళ్ళిళ్ళలో భోగం మేళాలు, అంటే దేవదాసీల ఆటపాటలు పెట్టించడం మీద పోరాటం సాగింది. ఆ సంస్కర్తల నిజాయితీ మీద నాకు గౌరవముంది. కానీ ఏం జరిగిందో కూడా చూడాలి. మేళాలు పోయాయి, ఆడపిల్లల్ని గుళ్ళకి అంకితమివ్వడాన్ని ఆపుతూ 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది, ఆ ఆడవాళ్ళు తరాల తరబడి సాధన చేసిన పదం, జావళి, అభినయం వాళ్ళ ఇళ్ళలోనే మూగబోయాయి. మేళం పెట్టించిన షావుకార్లూ జమీందార్లూ మాత్రం వేరే ఖర్చుల్లోకి మళ్ళారు. ప్రదర్శన తగ్గించాలని బయల్దేరినప్పుడల్లా కత్తెర ముందు పడేది పనివాళ్ళ మీదే. ఖర్చు తగ్గిద్దామంటే ఇవాళ కూడా మనకి ముందు గుర్తొచ్చేది సన్నాయి వాళ్ళ డబ్బులు, తర్వాత వంటవాళ్ళ కూలి. హాలు అద్దె గురించి ఎవరూ నోరెత్తరు.

సన్నాయి మాటొచ్చింది కాబట్టి గట్టిమేళం గురించి ఒక మాట. తాళి కట్టే వేళ పురోహితుడు వేలెత్తి సైగ చేయగానే డోలు, సన్నాయి ఒక్కసారి ఉప్పెనలా లేస్తాయి. ఆ క్షణంలో తుమ్ముగానీ ఏడుపుగానీ చెడుమాటగానీ ఎవరి చెవినా పడకూడదని పెద్దలు చెప్తారు. ఇది నిజమైన తూర్యధ్వని. ఇద్దరు మనుషుల చుట్టూ శబ్దంతో కట్టిన కంచె. దానికి ఒక పనుంది, ఒక వేళ ఉంది, ఆ పని అయిపోగానే అది ఆగిపోతుంది. ఆ వాద్యం మనింటికి రావడం మానేసి స్పీకర్లో రికార్డు మోగుతుంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

ఈ మాఘంలో మా అక్క కూతురి పెళ్ళి. పోయిన ఆదివారం అందరం కూర్చుని లిస్టు రాసుకున్నాం. ప్రీ వెడ్డింగ్ షూట్ వద్దని పెళ్ళికూతురే అంది, తర్వాత కొంచెం ఆలోచించి, నాలుగు ఫొటోలు అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కాలవగట్టు మీద తీయించుకుంటానంది. అది తన ఇష్టం, ఉంచాం. ఎల్ఈడీ తెర కొట్టేశాం. వెండి రిటర్న్ గిఫ్టులు కొట్టేశాం. వియ్యాలవారితో మా బావగారు ముందే, "మా శక్తి ఇది, దీంట్లోనే అందరం సంతోషంగా ఉందాం బావగారూ" అని చెప్పేశారు, వాళ్ళూ సరేనన్నారు. మేళం దగ్గరికి వచ్చేసరికి అక్క, ఇద్దర్ని పిలిస్తే సరిపోతుందేమో, మిగతాది స్పీకర్లో పెడదాం అంది. నేను ఒప్పుకోలేదు. రెండు సన్నాయిలు, రెండు డోళ్ళు, శ్రుతి పట్టేవాళ్ళతో సహా పూర్తి మేళం పిలవాలనీ, వాళ్ళు అడిగిన డబ్బుకి బేరమాడొద్దనీ, ముందు బంతిలో కూర్చోబెట్టి వడ్డించాలనీ పట్టుబట్టాను. కాసేపు వాదన అయింది. చివరికి బావగారు పెన్ను తీసుకుని, కొట్టేసిన గిఫ్టుల పక్కన "మేళం: పూర్తి" అని రాశారు.